కుర్రాడికి తగ్గట్టు ఆట మారాలా.. ఆటకి తగ్గట్టు కుర్రాడు మారాలా?

అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌లు కొత్త కుర్రాడి కోసం ప్లేబుక్ మొత్తం తిరగరాస్తారు. డెబ్భై ఏళ్ల క్రితం మన హైదరాబాద్‌లో ఒక స్కూల్ టీచర్ చేసిందీ దాదాపు ఇదే!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి తలెత్తి చూస్తే ముందు కనపడేవి కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంక్, ఎస్‌ఐ, పైథాన్.. ఏది కావాలంటే అది. ఎల్బీ నగర్ నుంచి మన్సూరాబాద్ దాకా మా ఏరియాలో 'కోచింగ్' అంటే అర్థం ఒక్కటే. సిలబస్ ముందే ఖరారై ఉంటుంది. బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నా అదే మెటీరియల్, అదే స్పీడు. అందుకున్నోడు పైకొస్తాడు. అందుకోలేనోడికి 'వీడి వల్ల కాదు' అని ముద్ర.

ఆటల్లో అదే 'కోచింగ్' అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. ముందు కుర్రాడిని చూడు, వాడికి ఏం వచ్చో చూడు, ఆ తర్వాత సిలబస్ రాయి. వినడానికి తియ్యగా ఉంది కానీ కోట్ల డాలర్లు, కోచ్‌ల ఉద్యోగాలు పణంగా ఉన్న చోట ఎవరైనా అలా చేస్తారా? చేస్తారు. ఎక్కువగా చేయాల్సి వచ్చేది అమెరికన్ ఫుట్‌బాల్‌లో, అదీ క్వార్టర్‌బ్యాక్ అనే ఒకే ఒక్క ఆటగాడి కోసం.

రెండు నిమిషాల్లో అమెరికన్ ఫుట్‌బాల్

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే కజిన్ స్టేటస్‌లో హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడే ఆట చూసే ఉంటారు. మనకి ఇది మరీ కొత్తేం కాదు. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి మొదలైతే, అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే టీమ్ కూడా ఉంది. ఆ లీగ్ నిలబడలేదు, అది వేరే సంగతి.

ఆట సారాంశం ఇదీ. ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు ఛాన్సులు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ఛాన్సులు. వెళ్లకపోతే బంతి అవతలి వాళ్లకి. ఒక రకంగా చూస్తే భూమి కోసం గజం గజం కొట్టుకునే కబడ్డీ.

ప్రతి ఛాన్సూ క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోంచే మొదలవుతుంది. బంతిని పక్కవాడి చేతిలో పెట్టి పరుగెత్తించాలా, దూరంగా విసరాలా, తనే పరుగెత్తాలా అన్నది అతని నిర్ణయం. దానికి దొరికే టైమ్ మూడు సెకన్లు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. ఎదురుగా వంద కిలోలు దాటిన మనుషులు అతని మీదకే దూకుతుంటారు.

అసలు కష్టం బంతి చేతికి రాకముందే ఉంది. ఒక ఛాన్స్ అయ్యాక ఇంకోటి మొదలుపెట్టడానికి 40 సెకన్ల గడియారం నడుస్తుంటుంది. ఆ టైమ్‌లో కోచ్ హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా ప్లే చెప్తాడు. గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ మైక్ కట్. అక్కడి నుంచి కుర్రాడు ఒంటరి. పదేసి మాటలున్న కోడ్‌ని గుర్తుపెట్టుకుని మిగతా పదిమందికి చెప్పాలి. ఎదుటి టీమ్ ఎలా నిలబడిందో చదవాలి. అవసరమైతే అక్కడికక్కడే ప్లే మార్చాలి. కాలేజీ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన 21 ఏళ్ల కుర్రాడికి ఇదంతా ఒక్క సీజన్‌లో ఒంటబట్టాలి.

ఒంటబట్టకపోతే? కోచ్ ముందు రెండు దారులుంటాయి. కుర్రాడిని బెంచ్ మీద కూర్చోబెట్టడం ఒకటి, ఆటనే సింపుల్ చేయడం ఇంకోటి.

32వ నంబర్ కుర్రాడు

2018 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు. ఐదోవాడు లామార్ జాక్సన్. రౌండ్‌లో చిట్టచివరి నంబర్, 32. కాలేజీ స్థాయిలో అత్యున్నత అవార్డు హైస్‌మన్ 2016లో గెలిచినోడే. అయినా అతని మీద అందరికీ ఒకటే అనుమానం. 'మెరుపులా పరుగెత్తుతాడు సరే, క్వార్టర్‌బ్యాక్‌లా నిలబడి విసరగలడా?' పొజిషన్ మార్చుకుని రిసీవర్‌గా ఆడితే మంచిదని బహిరంగంగా సలహా ఇచ్చిన పెద్దమనుషులూ ఉన్నారు.

అతన్ని తీసుకున్న బాల్టిమోర్ రేవెన్స్‌కి అప్పటికే సీనియర్ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో ఉన్నాడు. సీజన్ మధ్యలో ఫ్లాకోకి తుంటి గాయమైంది. అప్పటికి టీమ్ 4 గెలిచి 5 ఓడింది. పగ్గాలు 21 ఏళ్ల జాక్సన్‌కి వచ్చాయి.

హెడ్ కోచ్ జాన్ హార్‌బా ఫ్లాకో కోసం రాసిన ఆటని జాక్సన్ నెత్తిన రుద్దలేదు. మొదటి మ్యాచ్‌లోనే జాక్సన్ చేత 25 సార్లకి పైగా పరుగెత్తించారు. క్వార్టర్‌బ్యాక్ అన్ని సార్లు పరుగెత్తడం ఆ లీగ్‌లో వింతే. మిగిలిన ఏడు మ్యాచ్‌ల్లో ఆరు గెలిచి రేవెన్స్ డివిజన్ టైటిల్ కొట్టారు. తర్వాత ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో చార్జర్స్ చేతిలో ఓడారు. 'చూశారా, ఈ గిమ్మిక్ ఇంతే' అన్నారు విమర్శకులు.

అక్కడ రేవెన్స్ చేసిన పనే ఈ కథలో ముఖ్యం. వెనక్కి తగ్గలేదు సరికదా, గ్రెగ్ రోమన్‌ని ఆఫెన్స్ కోఆర్డినేటర్‌ని చేసి ప్లేబుక్ మొత్తాన్ని పునాది నుంచి జాక్సన్ కోసం కట్టించారు. మైదానం మధ్యలోకి విసరడం అతనికి బాగా వచ్చు కాబట్టి అక్కడ ఆడే పొడగరి ఆటగాళ్లని, అంటే టైట్ ఎండ్‌లని, ఎక్కువ వాడారు.

2019లో ఫలితం చూడండి. 14 గెలుపులు, 2 ఓటములు. టీమ్ మొత్తం పరుగెత్తి సాధించింది 3,296 గజాలు. 1978 నుంచి ఎవరూ కదపని లీగ్ రికార్డు బద్దలైంది. జాక్సన్ ఒక్కడే 1,206 గజాలు పరుగెత్తాడు. ఇక 'విసరలేడు' అన్న కుర్రాడు ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా 36 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఎంవీపీ అవార్డుకి 50 ఓట్లుంటే 50కి 50 అతనికే. అలా ఏకగ్రీవంగా గెలవడం అంతకుముందు టామ్ బ్రేడీ ఒక్కడికే సాధ్యమైంది.

సింపుల్ చేయడం అంటే ఏం చేస్తారు?

'సింపుల్' అనగానే పిల్లల ఆట అనుకుంటాం. కాదు. కుర్రాడి బుర్ర మీద లోడ్ తగ్గించి, అదే లోడ్‌ని ఎదుటి టీమ్ మీదకి తోస్తారు. అందులో వాడే టెక్నిక్‌లు కొన్ని ఇవీ..

ఒక్కడినే చూడు: రీడ్ ఆప్షన్ అనే ప్లేలో క్వార్టర్‌బ్యాక్ 11 మందినీ చదవక్కర్లేదు. ఎదుటి టీమ్‌లో చివర నిలబడ్డ ఒక్క డిఫెండర్‌ని చూస్తే చాలు. వాడు పక్కవాడి మీదకి దూకితే బంతి నువ్వే ఉంచుకుని పరుగెత్తు. వాడు నీ కోసం ఆగితే బంతి పక్కవాడికిచ్చెయ్. మా భాషలో చెప్పాలంటే ఒక్క 'ఇఫ్-ఎల్స్'. పాపం ఆ డిఫెండర్ ఏం చేసినా తప్పే అవుతుంది.

సగం మైదానం మర్చిపో: మైదానం వెడల్పు 53 గజాల పైనే. క్వార్టర్‌బ్యాక్‌ని ఒక పక్కకి పరుగెత్తించి, ఆ పక్కనే ఉన్న ఇద్దరు ముగ్గురిని మాత్రమే చూడమంటారు. రెండో సగం అతనికి లేనట్టే.

ప్లే ఒకటే, వేషాలు పది: ఒకే ప్లేని రకరకాలుగా నిలబడి మొదలుపెడతారు. ఎదుటి టీమ్‌కి ప్రతిసారీ కొత్తగా కనిపిస్తుంది. కుర్రాడికి మాత్రం వందసార్లు ప్రాక్టీస్ చేసిన పాత ప్లేనే.

మొదటి పదిహేను ముందే రాసుకో: ఆట మొదట్లో ఆడే ప్లేలని ముందురోజే వరసగా రాసి ఇచ్చేయడం. శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్ కోచ్ బిల్ వాల్ష్ దీన్ని పాపులర్ చేశాడు. మొదటి పావుగంట టెన్షన్‌లో కొత్తగా ఆలోచించే పని ఉండదు.

మణికట్టు మీద చీటీ: పొడవాటి కోడ్‌లకి బదులు నంబర్లు. కోచ్ '27' అంటాడు, కుర్రాడు చేతికున్న పట్టీ మీద 27 చూసి చదువుతాడు. పరీక్షలో అయితే కాపీ, ఇక్కడ మాత్రం వ్యూహం!

బలహీనత నుంచి పుట్టిన స్టైల్

ఈ మొత్తం ఆలోచనకి అందమైన ఉదాహరణ 1970లో దొరుకుతుంది. సిన్సినాటి బెంగాల్స్ అప్పటికి మూడో ఏడాదిలో ఉన్న పసి టీమ్. వాళ్ల దగ్గర గ్రెగ్ కుక్ అని బంతిని ఎంత దూరమైనా విసిరే కుర్రాడుండేవాడు. మొదటి సీజన్‌లోనే భుజం పాడైపోయింది. అతని బదులు వచ్చిన వర్జిల్ కార్టర్‌కి అంత బలమైన చెయ్యి లేదు. కానీ దగ్గరి పాస్ గురి తప్పదు, కాళ్లలో చురుకుంది, బుర్ర పాదరసం.

అప్పుడు అక్కడ అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నది ఆ బిల్ వాల్షే. 'దూరం విసరలేడా, అయితే అడ్డంగా, దగ్గరగా, చకచకా విసిరిద్దాం' అన్నది అతని లెక్క. బంతి గాల్లో ఎక్కువ దూరం వెళ్లదు, పట్టుకున్నవాడు పరుగెత్తి గజాలు సంపాదిస్తాడు. మొదటి ఏడు మ్యాచ్‌ల్లో ఒకటే గెలిచిన బెంగాల్స్ ఆ తర్వాత వరసగా ఏడూ గెలిచి డివిజన్ టైటిల్ ఎగరేసుకుపోయారు. మరుసటి ఏడాది లీగ్‌లో అత్యధిక శాతం పాస్‌లు సరిగ్గా అందించిన క్వార్టర్‌బ్యాక్ కార్టరే.

సగం చెయ్యి బలం ఉన్న ఒక ఆటగాడి కోసం కుట్టిన ఆ చొక్కానే తర్వాత 'వెస్ట్ కోస్ట్ ఆఫెన్స్' అయింది. వాల్ష్ 49ర్స్‌కి మూడు సూపర్ బౌల్స్ గెలిపించింది దాంతోనే.

డేటా మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఒక బోనస్. ఆ కార్టరే 1971లో రాబర్ట్ మాచోల్ అనే ప్రొఫెసర్‌తో కలిసి, మైదానంలో ఏ చోట బంతి ఉంటే ఎన్ని పాయింట్ల విలువో లెక్కగట్టి ఒక రీసెర్చ్ పేపర్ రాశాడు. ఈరోజు టీవీలో కనిపించే 'ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్' లెక్కలకి అది తాత లాంటిది.

చాదర్‌ఘాట్ మాస్టారు

ఇదంతా అమెరికా సంగతి, మనకేంటి అంటారా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ వైపు వెళ్తే మధ్యలో చాదర్‌ఘాట్ తగుల్తుంది. అక్కడి హైస్కూల్‌లోనూ, కాచిగూడ మిడిల్ స్కూల్‌లోనూ ఒకప్పుడు పాఠాలు చెప్పిన టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లోనే పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఈయన పాత్రే. ఆట వేరు, ఇది గోల్‌పోస్ట్‌ల ఫుట్‌బాల్. కానీ సూత్రం అచ్చం అదే.

ఆ రోజుల్లో మన కుర్రాళ్లు చాలామంది షూస్ లేకుండా ఆడేవాళ్లు. యూరప్ వాళ్లతో పోలిస్తే పొట్టి, సన్నం. దొరికిన బంతిని వదలకుండా డ్రిబుల్ చేసుకుంటూ పోవడమే గొప్ప అనుకునేవాళ్లు. ఎదుటివాడు బలంగా భుజంతో తోస్తే బంతీ పోయేది, మనిషీ పడేవాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది.

రహీమ్ మందు చాలా సింపుల్. బంతి నీ కాలి దగ్గర ఆగకపోతే ఎవడూ నిన్ను తొయ్యలేడు. అందుకే హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ నిషేధిస్తూ టోర్నమెంట్లు పెట్టించాడు. బంతి రాగానే పాస్ చేయాల్సిందే. ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీలు పెట్టాడు. లెక్చర్ ఇచ్చి అలవాటు మార్చలేమని టీచర్‌కి తెలుసు. అందుకే రూల్ మార్చాడు, కాళ్లు వాటంతట అవే నేర్చుకున్నాయి.

ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న ఇండియా 4-2తో ఆస్ట్రేలియాని ఓడించి సెమీస్ చేరింది. ఆసియా నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి టీమ్ మనదే. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు, ఇంకా టీనేజ్ దాటే వయసులోనే.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ మరీ సినిమాటిక్. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. కుట్లతో ఉన్న మనిషిని వెనక ఆడించడం రిస్క్. బెంచ్ మీద కూర్చోబెడితే అంత బలమైన ఆటగాడు వృథా. రహీమ్ అతన్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపాడు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా మీదే 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాం. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది తలకి కట్టుతో ఆడిన జర్నైల్‌ది. అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్న రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి ఆ తర్వాత బంగారం రాలేదు.

సింపుల్‌కి కూడా ఎక్స్‌పైరీ డేట్ ఉంది

ఇంతవరకు చదివి 'అయితే అందరికీ ఆటని సింపుల్ చేసేస్తే పోలా' అనుకోకండి. దీనికీ ఒక లిమిట్ ఉంది.

2011లో డెన్వర్ బ్రాంకోస్ 1-4తో మునిగిపోతుంటే టిమ్ టీబో అనే కుర్రాడికి అవకాశం ఇచ్చారు. అతనికి విసరడం అంతంతమాత్రం. కోచ్‌లు సీజన్ మధ్యలోనే ఆటని మార్చేశారు. కాన్సస్ సిటీతో ఒక మ్యాచ్‌లో టీబో సరిగ్గా అందించిన పాస్‌లు రెండే రెండు, అయినా టీమ్ గెలిచింది! ప్లేఆఫ్స్‌లో పిట్స్‌బర్గ్‌ని ఓవర్‌టైమ్‌లో ఒకే ఒక్క ప్లేతో ఇంటికి పంపారు. కానీ వారం తిరక్కుండానే న్యూ ఇంగ్లండ్ 45-10తో చితక్కొట్టింది. సీజన్ అయ్యాక బ్రాంకోస్ పేటన్ మానింగ్‌ని తెచ్చుకుని టీబోని వేరే టీమ్‌కి పంపేశారు. ఆట సింపుల్ అయింది, కుర్రాడు మాత్రం అక్కడే ఆగిపోయాడు.

2012లో వాషింగ్టన్ టీమ్ రాబర్ట్ గ్రిఫిన్ కోసం ఇలాగే పరుగుల ఆట కట్టింది. ఆ ఏడాది బెస్ట్ న్యూకమర్ అవార్డు అతనిదే. ప్లేఆఫ్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది. మళ్లీ ఆ ఫామ్ రాలేదు. కుర్రాడి బలం మీద ఆట కట్టడం మంచిదే, కానీ ఆ బలాన్నే పిండేస్తే చివరికి మిగిలేది గాయం.

జాక్సన్ ఎందుకు నిలబడ్డాడు మరి? అతని కోసం సింపుల్ చేసిన ఆటని రేవెన్స్ అక్కడే వదిలేయలేదు. 2023లో టాడ్ మంకెన్ అనే కొత్త కోఆర్డినేటర్ వచ్చాడు. ఐదేళ్ల అనుభవం ఉన్న జాక్సన్ చేతికి విసిరే బాధ్యత, లైన్ దగ్గర ప్లే మార్చే స్వేచ్ఛ ఇంకా పెంచారు. ఆ సీజన్‌లో అతను రెండో ఎంవీపీ గెలిచాడు. అంటే సింపుల్ ఆట అతనికి మెట్టుగా పనికొచ్చింది, ఇల్లు అవ్వలేదు.

మన ఆఫీసుకీ, మన టర్ఫ్‌కీ

ఈ తేడా నా ఫీల్డ్‌లో రోజూ కళ్లముందే కనపడుతుంది. మా టీమ్‌లోకి ఆమధ్య ఒక ఫ్రెషర్ వచ్చింది. మీటింగ్‌లో నోరు విప్పేది కాదు, ఫ్రంటెండ్ పని అంటే నెమ్మది. కానీ వేల లైన్ల లాగ్స్‌లో తేడా ఎక్కడుందో ఇట్టే పట్టేసేది. మా లీడ్ ఆమెకి మొదటి మూడు నెలలు ఒకటే పని ఇచ్చాడు. వచ్చిన ప్రతి బగ్‌కి కారణం లాగ్స్‌లో వెతకడం, ఫిక్స్ వేరేవాళ్లు చేస్తారు. నాలుగో నెల నుంచి చిన్న ఫిక్స్‌లు, ఆ తర్వాత పెద్దవి. ఇప్పుడు రాత్రిపూట ఏదైనా పడిపోతే సీనియర్లే ముందు ఆమెకి ఫోన్ చేస్తారు. మొదటి రోజే 'ఫుల్ స్టాక్ రావాలమ్మా' అని కూర్చోబెట్టుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నాగోల్‌లోనో మన్సూరాబాద్‌లోనో ఆదివారం టర్ఫ్ బుక్ చేసుకుని ఫైవ్స్ ఆడే బ్యాచ్‌లకి కూడా ఇది పనికొస్తుంది. వచ్చిన కొత్త కుర్రాడిని 'పొజిషన్ పట్టుకోరా' అని అరవడం కన్నా ఒకటే రూల్ చెప్పి చూడండి. 'బంతి రాగానే రెండు టచ్‌ల్లో వదిలెయ్.' రహీమ్ సాబ్ టోర్నమెంట్ మీ టర్ఫ్ మీదే జరుగుతుంది. నాలుగు వారాలు పోయాక రెండో రూల్ చెప్పండి, మొదట్లోనే కాదు.

టీమ్ లీడ్ అయినా, కెప్టెన్ అయినా, ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడికి దారి చూపే అన్న అయినా, అడగాల్సిన ప్రశ్నలు మూడే. వీడికి ఇప్పటికే బాగా వచ్చింది ఏంటి? దాని మీద నిలబెట్టడానికి నేను ఏవేం తీసెయ్యొచ్చు? తీసేసినవాటిలో దేన్ని ఎప్పుడు మళ్లీ వాడి చేతికిస్తాను?

మొదటి రెండూ చాలామంది అడుగుతారు. మూడోది అడగనిచోటే టీబోలు మిగిలిపోతారు. ఎవరికైనా పని తేలిక చేసి ఇస్తే, ఆ రోజే మూడో ప్రశ్నకి ఒక తేదీ కూడా రాసిపెట్టుకోండి.